గోడ ఎందుకు తడిసింది?



మీ ఇంట్లో గోడకు నెమ్ము ఉందా? సున్నం పెచ్చులు ఊడుతున్నాయా? వాన లేని రోజున కూడా గోడ తడిగా ఉంటుందా? అయితే ఎక్కడో నీరు కారుతోంది. అది కంటికి కనబడదు. గోడ లోపల, గచ్చు కింద, స్లాబులో దాక్కుని ఉంటుంది.

దాన్ని ఎలా పట్టుకోవాలి? గోడంతా పగలగొట్టాలా? అక్కరలేదు. ముందు చూడాలి. తర్వాత రాసుకోవాలి. ఆ తర్వాత ఆలోచించాలి. పగలగొట్టడం చివరి పని.

ఇది ఒక అక్క కథ. ఆమె మా రాత్రి కేంద్రానికి వచ్చి చదువు నేర్చుకుంది.

ఆబిడ్స్‌లో ఒక పాత ఇల్లు

హైదరాబాదులో ఆబిడ్స్ అందరికీ తెలుసు. ఆరో నిజాం కాలంలో ఆబిద్ అనే ఆయన అక్కడ దుకాణం పెట్టాడు. ఆయన పేరే ఆ చోటుకు వచ్చింది. పక్కనే నాంపల్లి. అక్కడి రైలు స్టేషన్ 1907లో కట్టారు. దగ్గరలోనే మొజంజాహీ మార్కెట్ ఉంది. రాతితో కట్టిన ఆ మార్కెట్ 1935 నాటిది. ఈ చుట్టుపక్కల పాత ఇళ్లు చాలా ఉన్నాయి. కొన్ని రాయి, డంగు సున్నంతో కట్టినవి. కొన్ని ఆ తర్వాత సిమెంటుతో కట్టినవి. పాత ఇళ్లలో పాత ఇనుప పైపులు ఉంటాయి. అవి లోపల లోపలే తుప్పు పడతాయి.

అలాంటి ఒక మూడంతస్తుల ఇంటికి ఆ అక్క మొగుడు వాచ్‌మన్. పాలమూరు నుంచి బతకడానికి వచ్చారు. మెట్ల కింద ఒక చిన్న గది. అందులోనే వంట, పడక, పిల్లలు. పొద్దున మోటారు వేసేది ఆ అక్కే. నీళ్ల సంగతి చూసేదీ ఆ అక్కే.

ఒక ఏడాది ఆ గది గోడకు చెమ్మ పట్టింది. నల్లగా బూజు వచ్చింది. చిన్న కొడుకుకు దగ్గు తగ్గలేదు. నడి అంతస్తులో అద్దెకుండే వాళ్ల గోడకు కూడా చెమ్మ వచ్చింది. మీది ట్యాంకులో నీళ్లు రెండు రోజులు రావాలి. ఒకటిన్నర రోజుకే అయిపోతున్నాయి. ట్యాంకరు తెప్పించాల్సి వస్తోంది.

నడి అంతస్తు వాళ్లు, "పై వాళ్ల స్నానాల గది కారుతోంది" అన్నారు. పై వాళ్లు కాదన్నారు. మాటా మాటా పెరిగింది. చివరికి పై వాళ్ల స్నానాల గదిలో టైల్సు పగలగొట్టారు. కొత్తవి వేశారు. డబ్బు ఖర్చయింది. గోడ మాత్రం ఆరలేదు.

అప్పుడు ఇంటి యజమాని అక్క మీద పడ్డాడు. "నువ్వే నల్లాలు తిప్పి వదిలేస్తున్నావు. ట్యాంకరు పైసలు మీ జీతంలో కోస్తాను" అన్నాడు.

"నేను నల్లా బంద్ చేసే పంటున్న సార్. నీళ్లు ఎటు పోతున్నయో నాకెర్క లేదు" అంది అక్క.

మాట ఎవరు వింటారు? ఆ నెల జీతంలో కొంత కోశాడు.

అక్క కేంద్రానికి వచ్చి చెప్పుకుని ఏడ్చింది. మేమంతా కూర్చుని ఆలోచించాం. "మాటకు సాక్ష్యం లేదు. రాతకు ఉంటుంది. నోట్‌బుక్‌లో రాయి" అన్నాం.

నీరు ఎక్కడ కనబడితే అక్కడే కారుతుందా?

కాదు. ఇది బాగా గుర్తుంచుకోవాలి.

మన ఊళ్లో పూరిల్లు చూడండి. కప్పు ఒక చోట చిరుగుతుంది. వాన నీరు అక్కడ దిగుతుంది. కానీ అక్కడే పడదు. వాసం వెంబడి జారుతుంది. ఇంకో మూల టపటపా పడుతుంది. మనం గిన్నె పెట్టిన చోటుకు పైన చిరుగు ఉండదు.

సిమెంటు ఇంట్లోనూ అంతే. నీరు స్లాబులో దారి వెతుక్కుంటుంది. పైపు వెంబడి, ఇనుప చువ్వ వెంబడి, కరెంటు గొట్టం వెంబడి పోతుంది. ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటకు వస్తుంది. అందుకే మరక కనబడిన చోట పగలగొడితే చాలాసార్లు ఏమీ దొరకదు.

ఎప్పుడు తడుస్తుందో చూడండి

"ఎక్కడ తడిసింది?" అని అందరూ అడుగుతారు. "ఎప్పుడు తడిసింది?" అని అడగండి. అదే అసలు ప్రశ్న.

వాన పడినప్పుడే తడిస్తే, నీరు మిద్దె మీది నుంచో పిట్టగోడ పగులు నుంచో వస్తోంది.

ఎవరైనా స్నానం చేసిన తర్వాత, బట్టలు ఉతికిన తర్వాత తడిస్తే, వాడిన నీరు పోయే పైపు కారుతోంది. లేదా గచ్చులో, జాలీ పక్కన సందు ఉంది.

రాత్రీ పగలూ ఎప్పుడూ ఒకేలా తడిగా ఉంటే, ఎప్పుడూ నీళ్లు నిండి ఉండే పైపు కారుతోంది. మీది ట్యాంకు నుంచి నల్లాలకు దిగే పైపు అలాంటిది.

గోడ అడుగున రెండు మూడు అడుగుల ఎత్తు వరకే తడి ఉండి, తెల్లగా ఉప్పు పూస్తే, అది నేలలోని చెమ్మ కావచ్చు. దీపం వత్తి నూనెను పైకి పీల్చినట్టు గోడ నేలలోని నీటిని పీలుస్తుంది. పాత సున్నం గోడ ఈ చెమ్మను మెల్లగా గాలికి వదిలి ఆరిపోతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. సిమెంటు పూత కొన్నాళ్లకు ఊడి వస్తుంది.

అక్క రాసిన నోట్‌బుక్

ఆ ఇంట్లో రోజు విడిచి రోజు నల్లా నీళ్లు వస్తాయి. నీళ్లు వచ్చిన రోజే అక్క మోటారు వేస్తుంది. సంపులోని నీళ్లు మీది ట్యాంకుకు ఎక్కుతాయి.

అక్క ముందు గోడ మీద పెన్సిలుతో గీత గీసింది. తడి ఎంత వరకు ఉందో ఆ గీత చెబుతుంది. పక్కన తారీఖు వేసింది. తర్వాత ఏడు రోజులు ఇలా రాసింది:

సోమవారం. పొద్దున 6 గంటలకు మోటారు వేసిన. 8 గంటలకు గోడ తడి పెరిగింది. వాన లేదు.

మంగళవారం. మోటారు వేయలేదు. సాయంత్రానికి గోడ కొంచెం ఆరింది.

బుధవారం. మోటారు వేసిన. 8 గంటలకు తడి పెరిగింది. వాన లేదు.

గురువారం. మోటారు వేయలేదు. రాత్రి పెద్ద వాన. తడి పెరగలేదు.

శుక్రవారం. మోటారు వేసిన. తడి పెరిగింది.

శనివారం. మోటారు వేయలేదు. పై ఇంటికి చుట్టాలు వచ్చిండ్రు. స్నానాలు చేసిండ్రు. బట్టలు ఉతికిండ్రు. తడి పెరగలేదు.

ఆదివారం. మోటారు వేసిన. ట్యాంకు నిండక ముందే ఆపిన. అయినా తడి పెరిగింది.

ఇప్పుడు మీరే చదివి చెప్పండి. వాన వల్ల తడిసిందా? కాదు. గురువారం వాన పడింది, గోడ తడవలేదు. పై వాళ్ల స్నానాల గది వల్లనా? కాదు. శనివారం అంత నీరు వాడారు, అయినా తడవలేదు. ట్యాంకు పొంగడం వల్లనా? అదీ కాదు. ఆదివారం ట్యాంకు నిండనే లేదు.

మోటారు వేసిన ప్రతి రోజూ తడిసింది. వేయని రోజున తడవలేదు. అంటే సంపు నుంచి మీది ట్యాంకుకు పోయే పైపే కారుతోంది. మోటారు తిరిగినప్పుడే ఆ పైపులో నీరు ఒత్తిడితో ఎక్కుతుంది. అప్పుడే సందులోంచి చిమ్ముతుంది.

మూడు పరీక్షలు

అయినా అక్క తొందరపడలేదు. మిగతావి కూడా పరీక్షించింది. ఈ పరీక్షలకు పైసా ఖర్చు లేదు. మీరూ చేయవచ్చు.

మొదటిది, సంపు పరీక్ష. నల్లా నీళ్లు రావడం ఆగాక చేయాలి. మోటారు వేయకూడదు. ఒక పొడుగు కర్రను సంపులో నిలబెట్టి నీళ్లు ఎంత వరకు ఉన్నాయో గుర్తు పెట్టాలి. తెల్లారి మళ్లీ అదే కర్రతో చూడాలి. నీరు తగ్గితే సంపు కారుతోంది. అక్క చూసింది. తగ్గలేదు. సంపు మంచిదే.

ఒక హెచ్చరిక: సంపులోకి ఎవరూ దిగకూడదు. మూసి ఉన్న సంపులో గాలి చాలదు. విషవాయువు కూడా ఉండవచ్చు. సంపులు, మోరీ గుంతలు కడగడానికి దిగి ప్రాణాలు పోయిన వాళ్లు ఉన్నారు. ఒకరిని కాపాడబోయి రెండో వాళ్లు కూడా పోయారు. కర్రతోనే చూడండి.

రెండోది, మీది ట్యాంకు పరీక్ష. ట్యాంకు నుంచి కిందికి దిగే వాల్వు కట్టేయాలి. నీటి మట్టానికి గుర్తు పెట్టి నాలుగు గంటలు ఆగాలి. తగ్గితే ట్యాంకే కారుతోంది. తగ్గకపోతే ఇప్పుడు వాల్వు తెరవాలి. ఇళ్లలో నల్లాలన్నీ కట్టేసి మళ్లీ నాలుగు గంటలు ఆగాలి. ఇప్పుడు తగ్గితే కింది పైపులో గానీ, నల్లాలో గానీ, ఫ్లష్ ట్యాంకులో గానీ కారుతోంది. అక్క మూడు ఇళ్ల వాళ్లనూ బతిమాలింది. ఒక రాత్రి అందరూ నల్లాలు కట్టేశారు. వాల్వు కట్టినప్పుడు నీరు తగ్గలేదు. తెరిచాక రెండు వేళ్లంత తగ్గింది!

మూడోది, ఫ్లష్ ట్యాంకు పరీక్ష. బట్టలకు వేసే నీలిమందు కొంచెం తీసుకోవాలి. ఫ్లష్ ట్యాంకులో కలపాలి. అరగంట ఎవరూ ఫ్లష్ చేయకూడదు. తర్వాత దొడ్డిలో చూడాలి. అక్కడ నీలి రంగు కనబడితే ఫ్లష్ ట్యాంకు కారుతోంది. నడి అంతస్తు వాళ్ల ఇంట్లో నీలి రంగు కనబడింది. పై వాళ్లతో జగడం పెట్టుకున్నది వీళ్లే! లోపలి రబ్బరు మార్చారు. మళ్లీ ట్యాంకు పరీక్ష చేస్తే నీరు తగ్గలేదు.

చూశారా, ఒకే ఇంట్లో రెండు లీకులు. ఒకటి దొరికిందని ఆగిపోకూడదు. ఫ్లష్ బాగుచేసినా గోడ ఆరలేదు. మోటారు పైపు మిగిలే ఉంది.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. స్నానాల గది మీద అనుమానం ఉంటే టైల్సు పగలగొట్టే ముందు ఇది చేయండి. జాలీని గుడ్డ, ప్లాస్టిక్ కాగితంతో గట్టిగా మూయండి. గచ్చు మీద అంగుళం ఎత్తు నీరు నింపండి. ఒక రోజు ఉంచండి. కింది ఇంటి కప్పు తడిస్తే గచ్చు కారుతోంది. తడవకపోతే జాలీ తెరిచి నీరంతా ఒకేసారి వదలండి. అప్పుడు తడిస్తే నీరు పోయే పైపు కారుతోంది. ఈ పరీక్ష ముందే చేసి ఉంటే ఆ ఇంట్లో టైల్సు ఖర్చు తప్పేది.

చిన్న గుంత చాలు

అక్క నోట్‌బుక్ తీసుకుని యజమాని దగ్గరికి పోయింది. ఏడు రోజుల రాత చూపించింది. ఆయన ఒకసారి చదివాడు. మళ్లీ చదివాడు. తానే వచ్చి మోటారు వేయించి గోడ చూశాడు. ప్లంబర్‌ను పిలిపించాడు.

ప్లంబర్ అడిగాడు, "ఎక్కడ తవ్వాలి?"

అక్క పెన్సిలు గీతలు చూపించింది. నీరు కిందికి జారుతుంది. కాబట్టి తడి మొదలయ్యే పై అంచు చూడాలి. ఆ అంచు పైపు దారిని ఎక్కడ కలుస్తుందో అక్కడ వెతకాలి. ప్లంబర్ ఒక అడుగు మేర మాత్రమే తవ్వాడు. లోపల ఇనుప పైపు మలుపు తిరిగే చోట జాయింటు తుప్పు పట్టి ఉంది. మోటారు వేయగానే సన్నటి దారంలా నీరు చిమ్మింది.

జాయింటు మార్చారు. గోడ పూర్తిగా ఆరడానికి వారాలు పట్టింది. పూర్తిగా ఆరాకే సున్నం వేశారు. తడి మీద వేస్తే మళ్లీ ఊడుతుంది.

యజమాని "తప్పయింది" అనలేదు. కానీ కోసిన జీతం తిరిగి ఇచ్చాడు.

కొత్త పరికరాలు

ఇప్పుడు లీకులు వెతకడానికి పరికరాలు ఉన్నాయి. గోడలో చల్లగా ఉన్న చోటును చూపే కెమెరా ఉంది. గోడలో ఎంత చెమ్మ ఉందో చెప్పే మీటరు ఉంది. పైపులోకి ఒత్తిడి ఎక్కించి, ఆ ఒత్తిడి తగ్గుతుందో లేదో చూసే పంపు ఉంది. పాత పద్ధతి కూడా ఇంకా పోలేదు. చాలా దేశాల్లో నీటి శాఖ పనివాళ్లు రాత్రి పూట వీధిలోకి వస్తారు. వాల్వు మీద ఇనుప కడ్డీ ఆనించి చెవి పెడతారు. నీరు కారితే "సుస్స్" అని వినిపిస్తుంది. మీరు కూడా రాత్రి సద్దు మణిగాక ఒక స్టీలు గ్లాసు గోడకు ఆనించి వినవచ్చు. కానీ స్విచ్ బోర్డు దగ్గర తడి గోడను ముట్టుకోకండి.

పరికరం చెమ్మ ఎక్కడుందో చెబుతుంది. ఎందుకుందో చెప్పాలంటే మాత్రం "ఎప్పుడు" అనే ప్రశ్న కావాలి.

చుక్కే కదా అనుకోకండి

ఒక లెక్క చేద్దాం. కారే నల్లా కింద గ్లాసు పెట్టండి. పావు లీటరు గ్లాసు 10 నిమిషాల్లో నిండింది అనుకుందాం. గంటకు 6 గ్లాసులు. అంటే ఒకటిన్నర లీటరు. రోజుకు 24 గంటలు. 24 సార్లు ఒకటిన్నర అంటే 36 లీటర్లు. రెండు బిందెలకు పైనే. నెలకు 1,080 లీటర్లు!

హైదరాబాదులో 2021 జనవరిలో ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచిత నీటి పథకం మొదలైంది. మీటరు ఉన్న ఇంట్లో అంతకు మించి వాడితే బిల్లు పడుతుంది. మీటరు సంపు కంటే ముందు ఉంటుంది. కాబట్టి లోపల కారిపోయిన నీరు కూడా మీటరులో లెక్క పడుతుంది.

ఆ నీరు ఎంత దూరం నుంచి వస్తుందో తెలుసా? 1908లో మూసీ నదికి పెద్ద వరద వచ్చింది. వేల మంది చనిపోయారు. ఆ తర్వాత వరదను ఆపడానికి, నగరానికి నీళ్లివ్వడానికి రెండు చెరువులు కట్టారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. నగరం పెరిగింది. ఆ నీరు చాలలేదు. మంజీర నీళ్లు తెచ్చారు. 2004లో కృష్ణా నీళ్లు, 2015లో గోదావరి నీళ్లు వచ్చాయి. వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి పెద్ద మోటార్లతో ఎక్కించి తెస్తారు. అంత దూరం వచ్చిన నీరు మన గోడలో పడి పోతోంది.

ప్రాణానికి ముప్పు

లీకు వల్ల నీరు ఒక్కటే పోదు. ఇంకా మూడు ముప్పులు ఉన్నాయి.

ఒకటి, కరెంటు. తడి గోడలో తీగలు ఉంటే షాక్ కొడుతుంది. గోడ ముట్టుకుంటే జిల్లుమంటే వెంటనే మెయిన్ ఆపించండి. కరెంటు పనివాడిని పిలవండి.

రెండు, స్లాబు. నీరు తగిలితే లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి సిమెంటును బయటకు తోస్తుంది. పెచ్చులు మీద పడతాయి. చువ్వలు బయటపడిన కప్పు కింద పిల్లలను పడుకోబెట్టకండి.

మూడు, రోగం. పైపుకు సందు ఉంటే నీరు బయటకు పోతుంది. నీళ్లు ఆగిపోయినప్పుడు పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే సందులోంచి మోరీ నీరు లోపలికి వస్తుంది. 2009 మే నెలలో హైదరాబాదులోని భోలక్‌పూర్‌లో తాగే నీళ్లలో మురుగు కలిసింది. వందల మంది వాంతులు, విరేచనాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు. కాబట్టి నల్లా నీళ్లు వాసన వేసినా, రంగు మారినా తాగకండి. జలమండలికి 155313 నంబరుకు ఫోను చేయండి. ఫిర్యాదు నంబరు, తారీఖు రాసి పెట్టుకోండి. నీళ్లు బాగయ్యే వరకు ఆ నల్లా నీళ్లు వాడకండి. వేరే చోటి నీళ్లు తెచ్చుకుని కాచి చల్లార్చి తాగండి.

గుర్తుంచుకోండి

మరక ఉన్న చోటే లీకు ఉండాలని లేదు.
ఎక్కడ అని కాదు, ఎప్పుడు అని అడగండి.
తారీఖు, గంట, వాన, మోటారు, స్నానాలు అన్నీ రాయండి.
ఒక్కొక్కటి పరీక్షించి, కానిదాన్ని తీసేయండి.
పరీక్ష కాకుండా పగలగొట్టనివ్వకండి.
సంపులోకి దిగకండి.

మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఏ పైపు ఎటు పోతుంది? బొమ్మ గీయండి.
2. అక్క గురువారం సంగతి రాయకపోతే ఏమయ్యేది?
3. మీ నల్లా కింద గ్లాసు పెట్టి చూడండి. నెలకు ఎన్ని లీటర్లు పోతున్నాయి? లెక్క కట్టండి.

ఆ అక్క నోట్‌బుక్ ఇప్పటికీ మెట్ల కింద గదిలో మేకుకు వేలాడుతోంది. మోటారు వేసిన రోజు ఇప్పుడు కూడా రాస్తుంది. "ఎందుకక్కా, గోడ ఆరింది కదా?" అని అడిగాను.

"మళ్లెప్పుడన్న నా మీదికొస్తే? రాసుంటే మంచిది" అంది.